అక్క మాట్లాడని రోజుల్లో ఐదింటి ప్రార్థన

అక్క గొంతు పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా సందు మొదట్లో బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే అన్న. అమీర్‌పేటలో మా చుట్టుపక్కల ఏ సంగతైనా ముందు ఆయన బండి మీదికే వస్తుంది. హాస్టలు పిల్లల చొక్కాలు, ఆఫీసు వాళ్ల ప్యాంట్లు, మా ఆయన బట్టలు అన్నీ అక్కడే కలుసుకుంటాయి కదా, ఇళ్లలోని కబుర్లు కూడా వాటితోపాటే మడతలు విప్పుకుంటాయి.

“అక్కా, ఒక ముచ్చట చెప్త, ఫికర్ చెయ్యకు,” అన్నాడు. ఫికర్ చెయ్యకు అని మొదలుపెట్టిన మాట ఏదీ ఇంతవరకు మంచిది కాలేదు. బట్టల సంచి అక్కడే దించేశాను.

“పంజాగుట్టల ఫాల్ కుట్టే అక్క లేదా, మీ ప్రార్థనక్క? గామెకు మాట పోయింది. షట్టర్ తీసింది, మిషన్ నడిపిస్తుంది గని అంతా సైగలే. మా ఇంటామె చీర ఇయ్యనీకె పోతే ఆమె దిక్కు చెయ్యి ఊపింది. తిడుతుందో, దీవిస్తుందో సమజ్ గాలే.”

“దీవించే ఉంటుందిలే అన్నా,” అన్నాను. కానీ నా మనసంతా మర్నాడు ఉదయం ఐదింటి మీదికి పోయింది.

ఈ అక్క నాకు రక్తసంబంధం కాదు. పంజాగుట్టలో బట్టల షాపుల వెనక సందులో ఆమెకు చిన్న షట్టరు ఉంది. చీరలకు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది, జాకెట్లు కుడుతుంది. పుట్టింటివాళ్లు సిరిసిల్ల వైపు నేతపనివాళ్లు. “మా నాయిన బట్ట నేసిండు, నేను అంచు కుడుతున్న, గంతే ఫరక్,” అంటుంది. పెళ్లయి గుంటూరు వైపు నుంచి నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక చీర పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె అంచు చూస్తున్నంతసేపు నేను గోడమీద క్యాలెండరులో ఉన్న బైబిలు వాక్యాన్ని పెదాలతో చదువుకుంటూ కూర్చున్నాను.

“ఏం చెల్లే, గోడతోటి ముచ్చట పెడుతున్నవా?” అంది.

సిగ్గుపడి, వాక్యం చదువుకుంటున్నానని చెప్పాను.

“అయితే మనోళ్లే! నీ నంబరియ్యి. రేపు పొద్దుగాల ఐదింటికి ఫోన్ జేస్త, ఎత్తు.”

ఎత్తాను. అప్పటినుంచి ఎత్తుతూనే ఉన్నాను.

ఐదింటి కూడిక అంటే మందిరంలో జరిగేది కాదు. అమీర్‌పేట, పంజాగుట్ట, యూసుఫ్‌గూడ, సోమాజిగూడల్లో ఎవరి వంటింట్లో వాళ్లు నిలబడి, తలమీద కొంగు కప్పుకుని, ఒకే ఫోన్ లైన్లో కలిసి చేసే ప్రార్థన. అందరం ఆడవాళ్లమే. ఇల్లు నిద్రలేస్తే మన సమయం మనది కాదు కాబట్టి ఇల్లు లేవకముందే ఒక పావుగంట. అక్క మొదలుపెట్టేది, అక్క ముగించేది. ఒక పాట పల్లవి, ఒక చిన్న వాక్యం, తర్వాత ప్రార్థన. ఆ గొంతు ఎలా ఉండేదంటే, పొయ్యి వెలిగించకముందే వంటిల్లు వెచ్చగా అయ్యేది.

ఒకసారి ఆమె కళ్లు మూసుకుని “తండ్రీ, నీ సన్నిధిల మేము...” అంటుండగా లైన్లో ఎవరి ఇంట్లోంచో మగగొంతు గట్టిగా వినపడింది. “టవల్ ఏడ బెట్టినవే?”

అక్క ఆగలేదు. “ఆ అన్నకు టవల్ దొరికేటట్టు చెయ్యి తండ్రీ,” అని అదే ఊపులో ముందుకు సాగింది. ఆ రోజు ఆమేన్ చెప్పడానికి ఎవరికీ నోరు తెరుచుకోలేదు, అందరి నోళ్లలోనూ కొంగులే.

నా సంగతి వేరు. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేదని నాన్నే ఇంట్లో కూర్చోబెట్టుకుని, వాక్యం చదివిస్తూ అక్షరాలు నేర్పాడు. చదవడం, ప్రార్థించడం నాకు కలిసే వచ్చాయి. అందుకు నాన్నకూ, ఆ ఆయాసానికీ కూడా రుణపడి ఉన్నాను. కానీ రెండూ పెదాల మధ్యే ఉండిపోయాయి. నలుగురు వింటుండగా “తండ్రీ” అనాలంటే గొంతులో పల్లేరుకాయ అడ్డం పడ్డట్టుంటుంది. లైన్లో ఇన్నేళ్లూ నేను పలికింది ఒక్క ఆమేన్, అదీ అందరి గొంతుల వెనక దాక్కుని.

మా అపార్టుమెంటుకు మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నా విశ్వాసం అంత ఓపిక కలది కూడా కాదు. దానికి రోజూ నీళ్లు పట్టాలి. ఆదివారం నిండుగా తెచ్చుకున్నది మంగళవారానికి అడుగంటుతుంది. పక్క హాస్టలు వాళ్ల బోరు మోటారు, గ్యాసు అయిపోవడం, మా ఆయన ముభావం, నా కోపం, ఇవన్నీ తలా ఒక చెంబు ముంచుకుపోతాయి. అక్క గొంతు వింటే మళ్లీ నిండేది. అందుకే ఇస్త్రీ అన్న మాట విన్నప్పుడు ఆమె కోసం ఎంత భయపడ్డానో, నా కోసం కూడా అంతే భయపడ్డాను.

మర్నాడు ఐదింటికి అందరం లైన్లోకి వచ్చాం. అక్క కూడా వచ్చిందని ఫోన్లో ఆమె పేరు కనపడుతోంది. మాట మాత్రం లేదు. ఎవరిదో ఫ్యాను చప్పుడు, ఎవరిదో కుక్కరు, ఎవరో ముక్కు చీదడం. చివరికి సోమాజిగూడ పిన్నిగారు అందుకున్నారు. ఆవిడది గోదావరి వైపు. నర్సుగా చేసి రిటైరయ్యారు. వయసులో అందరికంటే పెద్ద.

“ఎవరో ఒకరు మొదలెట్టండర్రా, నా పాలు పొంగిపోతున్నాయ్. సరేలే, నేనే చేస్తాను.”

చేశారు. సృష్టి మొదలుకుని వచ్చారు. జలప్రళయం దాటి, ఎడారి దాటి, మా వీధులకు చేరేసరికి హాస్టల్లో పిల్లల టిఫిను గంట కూడా మోగింది. అందరి పాలూ పొంగే ఉంటాయి. చివర్లో పిన్నిగారు గొంతు పెంచి, “మా అమ్మాయి గొంతు బాగుచేసినందుకు నీకు స్తోత్రం ప్రభువా! పాడించినందుకు స్తోత్రం!” అన్నారు.

ఇది మాలో ఉన్న అలవాటే. అడిగినది చేతికి అందకముందే అందినట్టు కృతజ్ఞత చెప్పుకుంటాం, అది నమ్మకానికి గుర్తు. లైన్లో ఉన్నవాళ్లకు అది తెలుసు. కానీ యూసుఫ్‌గూడ నుంచి ఒకావిడ సరిగ్గా అప్పుడే కలిసింది. ముందు జరిగినదేదీ వినలేదు, స్తోత్రాలు మాత్రం విన్నది. సంతోషం పట్టలేక తన మెట్లమీద ఎదురైనవాళ్లకూ, కూరల బండి దగ్గరా, తన మందిరం వాళ్లకూ చెప్పేసింది.

మధ్యాహ్నం నేను బట్టలు తీసుకోవడానికి వెళితే ఇస్త్రీ అన్న ఎదురొచ్చినంత పని చేశాడు. “అక్కా! మీ అక్కకు మాట వచ్చిందంట గద! మీ దేవుడు మస్తు ఫాస్టున్నడు!”

ఒక్క నిమిషం నేనూ నమ్మాను. బట్టలు ఆయన దగ్గరే వదిలేసి, మెట్రో పిల్లర్ల నీడ వెంబడి పంజాగుట్ట దాకా దాదాపు పరుగెత్తాను. షట్టరు ముందు జనం. ఆపిల్ పండ్లు, కొబ్బరిబొండాలు, ఒకావిడ చేతిలో పూలదండ కూడా. మధ్యలో అక్క, మెడలో టేపు వేసుకుని, నవ్వుతూ చేతులు అడ్డంగా ఊపుతోంది. ఎవరూ వినిపించుకోవడం లేదు. అసలు వినడానికి అక్కడేముంది పాపం.

“ఒక్క మాటక్కా. స్తోత్రం అను చాలు. మా అత్తకు వినిపిస్త,” అని ఒకామె ఫోను నోటి దగ్గర పెట్టింది.

అక్క ఎవరికీ లేదనలేదు, ఎప్పుడూ. జాకెట్టు రేపటికి కావాలంటే రేపటికే కుడుతుంది. ఆ ఫోను వంక చూసి, ఊపిరి పీల్చి, “స్తో...” అంది. కొత్త పాలిస్టరు గుడ్డను కత్తెర లేకుండా చింపితే వచ్చే చప్పుడు వచ్చింది. అక్కడున్నవాళ్లందరూ చేతిలో పండ్లతో సహా ఆగిపోయారు. అక్క గొంతు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

సాయంత్రం బావ ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. బావ అంటే అక్క భర్త. కారు నడుపుతాడు, అక్క మాట్లాడినంత కాలం ఆయనకు మాట్లాడే అవసరం రాలేదు. ఆ రోజు నాకు ఫోన్ చేసి, డాక్టరు చెప్పిందంతా ఒప్పజెప్పాడు. స్వరతంత్రి మీద చిన్న కాయలాంటిది ఉంది. ఆపరేషన్ చేసి తీసేస్తారు. అప్పటిదాకా గుసగుస కూడా కూడదు. మాట తప్పకుండా వస్తుంది, కానీ పాత గొంతే వస్తుందని, మునుపటిలా పాడుతుందని మాట ఇవ్వలేం.

“ఇంకొకటి సుత అన్నడు,” అన్నాడు బావ. “‘మీ దేవునికి చెవులు మంచిగనే ఉన్నయి కదమ్మా, గంత గట్టిగ ఎందుకు?’ అన్నడు. గది విని నవ్వబోయింది. నవ్వొద్దని మళ్లీ తిట్టిండు.”

పిన్నిగారికి ఈ సంగతి చెప్పాను. “నేను దేవుడితో చెప్పానే గానీ, ఊరితో చెప్పానా?” అన్నారు. తర్వాత ఆవిడే యూసుఫ్‌గూడ ఆవిడను ఫోన్లో ఓదార్చారట, ఆ పిల్ల ఏడుపు ఆపకపోతే.

మర్నాడు అక్క దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఒళ్లో నల్ల లైనింగు గుడ్డ పరుచుకుని, గుర్తులు పెట్టే టైలరు సుద్దతో దానిమీద రాస్తుంది. చదివాక అరచేత్తో దులిపేస్తుంది. నన్ను చూడగానే రాసింది: “రేపటి సంది నువ్వే.”

“నేనా? ఏంటక్కా! నాకు రాదు. నా నోట్లో మాట తిరగదని నీకు తెలుసు కదా. పిన్నిగారు ఉన్నారు.”

దులిపి రాసింది: “అందరి పాలు పొంగుతయి.”

నేను నవ్వాను. నవ్వితే ఒప్పుకున్నట్టే ఆమె లెక్క. మళ్లీ రాసింది: “వంటింట్ల దేవునితోటి ఎట్ల మాట్లాడతవో గట్లనే.”

ఆ సాయంత్రమంతా ప్రార్థన తయారు చేసుకున్నాను. కూర తరుగుతూ ఒక వరస, గిన్నెలు తోముతూ ఒక వరస. కృపామయుడా, కరుణాసాగరా అని చాలా అందంగా వచ్చింది. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి విని, “ఇది ఎవరింట్లో పెళ్లికి?” అన్నాడు.

ఉదయం లైన్ కలిసింది. కొంగు కప్పుకున్నాను. కళ్లు మూసుకోగానే కృపామయుడు తప్ప ఒక్క మాట మిగల్లేదు. భయమేసి కళ్లు తెరిచాను. ఎదురుగా వంటగట్టు, పాలపాకెట్లు, పొయ్యి. నాకు తెలిసిన ప్రార్థన అదే కదా అనిపించింది. ఏది కనపడితే దాని మీద చెయ్యి పెట్టి థాంక్స్ చెప్పడం. చిన్నప్పటినుంచి నేను చేసేదంతా అదే, గొంతు లేకుండా.

“తండ్రీ, కుళాయిలో నీళ్లు వస్తున్నాయి, నీకు స్తోత్రం. పాలు విరగలేదు, స్తోత్రం. పక్క హాస్టల్లో ఎవరో అమ్మాయి ఇంత పొద్దున్నే లైటు వేసుకుని చదువుకుంటోంది, ఆమెకు చదివింది గుర్తుండేలా చెయ్యి. మా అక్క గొంతు నీ చేతిలో ఉంది. అది ఎలా వస్తుందో నాకు తెలియదు. ఇవాళ ఒక్కరోజు ఆమె భయపడకుండా చూడు. రేపు మళ్లీ అడుగుతాను. ఆమేన్.”

అంతే. అప్పుడు ఎక్కడినుంచో టకటకటకమని కుట్టుమిషను కాసేపు ఉరికి ఆగింది. అక్క ఇంట్లో కూడా ఒక మిషను ఉంది, ఆమె అంటున్న ఆమేన్ అది.

“అయిపోయిందా?” అన్నారు పిన్నిగారు. “ఇంతేనా? సరే, బానే ఉందిలే. పాలు పొంగకముందే పరలోకం చేరింది.”

రెండో రోజు తెలివి చూపించాను. నిన్న బాగుంది కదా అని అవే మాటలు మళ్లీ అన్నాను. నీళ్లు, పాలు, హాస్టలు అమ్మాయి. ఒక్కటీ లోపల తగల్లేదు. నిన్నటి ఇడ్లీపిండి పులిసినట్టు పులిసింది. ఎడారిలో దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడని, మిగిల్చి దాచుకున్నదానికి పురుగుపట్టిందని నాన్న చదివించినప్పుడు, ఎంత కచ్చితం మనిషో దేవుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అర్థమైంది. రోజూ రమ్మని పిలవడానికి ఆయనకు అదొక సాకు.

కొన్ని ఉదయాలు ఏమీ దొరికేది కాదు. ఒకరోజు ముందురాత్రి మోటారు స్విచ్చు గురించి మా ఆయనతో పోట్లాడి ఉన్నాను. కృతజ్ఞత కోసం వంటిల్లంతా వెతికినా గిన్నెలు కూడా నా వంక కోపంగానే చూశాయి. చివరికి ఉన్నమాటే అన్నాను. “తండ్రీ, ఇవాళ నా దగ్గర ఏమీ లేదు. అయినా వచ్చాను.” ఆ రోజు వచ్చిన ఆమేన్లు మిగతా అన్ని రోజులకంటే గట్టిగా వచ్చాయి. లైన్లో ఉన్నవాళ్లలో ఎంతమంది అలాగే వట్టి చేతులతో నిలబడి ఉన్నారో! కళ్లు తెరిస్తే మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. “నువ్వు ఇంత మాట్లాడతావని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదే,” అని మోటారు వేయడానికి కిందికి పోయాడు.

నా గొంతు ఇలా తెరుచుకుంటుంటే అక్క లోపల మూసుకుపోతోందని నాకు తెలియలేదు. ఒక మధ్యాహ్నం టిఫిను బాక్సుతో వెళితే, మిషను మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రలేదని చూస్తేనే తెలుస్తోంది. ఏమైందక్కా అన్నాను. సుద్ద తీసుకుంది.

“నోరు మూస్కుంటే లోపల సుత ఏం వస్తలేదు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. దులిపి మళ్లీ రాసింది. “ఇన్నేండ్లు నోటితోటే చేసిన. గొంతు లేకుంటే ప్రార్థన ఎట్ల చెయ్యాలె? పాట రాకపోతే ఏం చెయ్యాలె?”

మా అందరికీ రోజూ నింపి పంపిన మనిషి ఆమె. ఏం చెప్పాలి? పెద్ద మాటలేవీ నా దగ్గర లేవు. టిఫిను బాక్సు పక్కన పెట్టి, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. “నాకు తెలిసింది ఒకటే ఉంది. నీకు నవ్వొస్తుందేమో, నవ్వొద్దు, డాక్టరు తిడతాడు,” అన్నాను. ఆమె చెయ్యి తీసుకుని కత్తెర మీద పెట్టాను. “దీని గురించి ఆయనకు చెప్పు, లోపలే. మాటలు కట్టకు. ఊరికే దీన్ని చూపించు.”

కాసేపటికి చెయ్యి తనే జరిపింది. దారపు ఉండ. టేపు. ఎవరిదో సగం కుట్టిన ఆకుపచ్చ జాకెట్టు. దానిమీద చాలాసేపు ఉంచింది, ఎవరికోసమో నేను అడగలేదు. బయట ఆటోల హారన్లు, ఫ్లైఓవరు మీద బస్సులు, పక్క షాపువాడి “రండమ్మా రండి” అనే అరుపులు. పంజాగుట్టలో నిశ్శబ్దం దొరకదు, లోపల చేసుకోవాల్సిందే. నేనూ కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపో తెలియదు. ఒకావిడ లోపలికి తొంగిచూసి, “అమ్మా, ఫాల్ అయిందా?” అంది.

“ష్! ప్రార్థనలో ఉంది,” అన్నాను.

సరిగ్గా అప్పుడే అక్క గుర్రు పెట్టింది. తల గోడకు ఆనించి, చెయ్యి ఆకుపచ్చ జాకెట్టు మీదే ఉంచి, హాయిగా నిద్రపోతోంది. ఆ కస్టమరు నావైపు చూసింది, అక్కవైపు చూసింది. “మంచి ప్రార్థనే చేస్తుందిలే. రేపొస్త,” అని షట్టరు సగానికి దించి, ఎండ పడకుండా చేసి వెళ్లింది. ఎవరో తెలియదు, ఆమెకు కూడా ఆ పూట థాంక్స్ చెప్పుకున్నాను.

లేచాక అక్క టిఫిను బాక్సు ఖాళీ చేసింది. భయం పోయిందా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, గుడ్డ మీద రాసింది: “ఉన్నది. గని ఇప్పుడు ఇద్దరం కూసున్నం దాని పక్కన.” ఆ ఇద్దరిలో రెండోవారు నేను కాదని నాకు తెలుసు. నేను వంటకు ఆలస్యమవుతోందని బయల్దేరాను.

ఈ ముక్కలు రాస్తున్న ఉదయం ఆమెను ఆపరేషనుకు చేర్చుకున్నారు. ఐదింటికి లైన్లో అందరం ఉన్నాం. బావ కూడా వచ్చాడు. మా కూడికలో మగగొంతు టవలు కోసం కాకుండా వినపడడం ఇదే మొదటిసారి. “నాకు చెయ్యరాదు. మీరు చెయ్యుండ్రి, నేను ఉంట,” అన్నాడు. పిన్నిగారు ఈసారి ముందస్తు స్తోత్రాలు చెప్పలేదు, పక్కన నిలబడిన వాళ్ల చెయ్యి పట్టుకున్నట్టు నెమ్మదిగా ఆమేన్ అన్నారు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్లు మాట్లాడకూడదట. గొంతు వస్తుందో, ఎలాంటిది వస్తుందో, పాట మిగులుతుందో, అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. రేపటి ఉదయానికి కావలసినది రేపు అడుగుతాను.

మీరు ఇది చదివేసరికి ఆమె నోరు విప్పే రోజు వచ్చిందో, దాటిందో. పంజాగుట్ట వైపు వస్తే దయచేసి షట్టరు దగ్గర ఆగి ఎలా ఉందని ఆమెను అడగకండి. అడిగితే లేదనలేక జవాబు చెప్పేస్తుంది. ఆమెను అడగాల్సింది పైనున్న ఆయన్ని అడగండి. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేలోపు ఉన్న ఆ కాస్త సమయంలో, మీకు తెలిసిన మాటల్లోనో, మాటలు లేకుండానో, చీరలకు అంచు కుట్టే మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.